టాకీసు బోర్డు మీది శుక్రవారాలు

టాకీసు కూలగొడుతున్నరన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వాడకట్టుకు పూలు తెచ్చే అక్క. దేవునికి దీపం పెట్టి, గడపలో ఆమె కోసం చూస్తూ నిలబడ్డ. గంప దించకముందే మొదలుపెట్టింది.

"ఓ చెల్లె, నీ కాగితాల గుడి పోతున్నదే. టాకీసు కాడ పెద్ద బండి వచ్చి నిలబడ్డది. ఫంక్షన్ హాలు కడుతరట."

"ఎప్పుడు కూలగొడుతరట?"

"ఎప్పుడేంది, ఎనుక గోడ పడనే పడ్డది. మీ చిన్నమ్మ పోయి టికెట్ల కిటికీ ముందల కూసున్నది. లేవుమంటే లేస్తలేదు. మేస్త్రి మొత్తుకుంటున్నడు. మల్లెలు మూర చాలా, బంతిపూలు గూడ పెట్టాల్నా?"

నిజం చెప్పాలె గనుక చెప్తున్న. ఆ మాట వినంగనే నా మనసు చిన్నమ్మ దగ్గరికి పోలేదు. టికెట్ల కిటికీ పక్కనున్న చెక్క బోర్డు మీదికి పోయింది. దాని మీద ఒకదాని మీద ఒకటి అతికిన సినిమా పోస్టర్లు మూడు వేళ్ల మందం పేరుకొని ఉన్నయి. అవి నాకు దక్కితే బాగుండు అనుకున్న. ముసలామె ఎందుకు కూసున్నదో అడగాలన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. దేవుడు ఆ క్షణం నన్ను చూసే ఉంటడు.

నేను పాత సినిమా కాగితాలు దాస్తను. పాటల పుస్తకాలు, ఊర్లల్ల పంచే రంగు రంగుల కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, హాలు ముందర అద్దాల పెట్టెలో పెట్టే ఫోటో కార్డులు. రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నయి, ఎండిన వేపాకు నడుమ. అబ్దుల్లాపూర్‌మెట్ దాక చిత్తుకాగితాల దుకాణపోళ్లంత నన్ను ఎరుగుదురు. ఒకసారి కందుకూరులో గాజులు కొన్న. గాజులు చుట్టిచ్చిన కాగితం పాత కరపత్రం. దాన్ని విప్పి చదువుకుంట ఇంటికొచ్చిన. గాజులు అక్కడనే మరిచిపోయిన. మా ఇంటాయన ఇప్పటికీ చుట్టాలందరికీ ఆ ముచ్చట చెప్తడు.

ఆ సినిమాల్లో సగానికి మించి నేను చూడలేదు. పాటల పుస్తకంలో కథ సగం చెప్పి, మిగిలింది వెండితెర మీద చూడుమని ఆపేస్తరు కదా. అట్ల ఎన్నో కథలు నాకు సగమే తెలుసు. మిగతా సగం వంట చేసుకుంట నేనే అల్లుకున్న.

ఈ కాగితాలే నాకు బడి. ఐదేండ్లప్పుడు జ్వరమొచ్చి నా ఎడమ కాలు సన్నబడ్డది. బడి దూరం. ఎత్తుకొనిపోయి ఎత్తుకొనివచ్చే తీరిక ఇంట్ల ఎవరికీ లేదు. మా బాపు పొలానికి పోయేముందు బియ్యంలో నా వేలు పట్టి అక్షరాలు దిద్దించిండు. గుణింతాల దాక వచ్చినంక చదువుకుందామంటే ఇంట్ల పంచాంగం తప్ప అచ్చు కాగితం లేదు. అప్పుడే పోస్టర్ల కాక మా ఇంటికి రావడం మొదలయింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు, వరుసకు కాక. చేపలు పట్టే ఇంట్ల పుట్టిండు. చెరువు ఎండిన ఏడు టాకీసులో పోస్టర్లు అతికే పనికి కుదిరిండు, మళ్లా చెరువు నిండినా వల ముట్టలేదు. గురువారం పొద్దుగూకేముందు మా ఇంటికొచ్చేటోడు. మా అమ్మ మైదాపిండి గంజి కాచి ఇచ్చేది. అండ్ల ఆయన మైలతుత్తం పొడి కలిపేది. నీలంగ ఉండే విషం అది. అది కలిపితే గోడ మీది కాగితాన్ని మేకలు తినవు, చెద పట్టదు. కలిపిన బకెట్‌ను మా అందరికీ దూరంగ పెట్టి, చేతులు మూడుసార్లు కడుక్కొని, అప్పుడు నా పక్కన కూసునేటోడు. జేబులనుంచి ఒక కరపత్రం తీసేది.

"చదువు బిడ్డా. రేపు ఏం ఆడుతదో ఈ కాకకు చెప్పు."

ఆయనకు చదువు రాదు. నేను కూడబలుక్కొని చదివేదాన్ని: నేడే విడుదల, రోజూ మూడు ఆటలు, స్త్రీలకు ప్రత్యేక వసతి. రెండుసార్లు చదివితే ఆయనకు నోటికి వచ్చేది. తెల్లారి రిక్షాల మైకు పట్టుకొని అదే మాటలు ఊరంత చెప్పేటోడు. గడపలో కూసున్న నాకు నేను చదివిన ముక్కలు నాలుగు వాడల అవతల నుంచి వినబడేవి. నడవలేని పిల్ల నోటి మాట ఊరు చుట్టి వచ్చేది. దానికి ఏ దేవునికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మిగిలిన కరపత్రం నాకిచ్చేటోడు. పోస్టర్ మాత్రం ఒక్కటి ఇయ్యమని ఎంత ఏడ్చినా ఇయ్యలేదు. "పంచేది పంచాలె, అతికేది అతకాలె. అతికేదాన్ని దాచుకుంటే గోడకు దొంగతనం చేసినట్టు" అనేటోడు.

ఇది తెలిస్తేనే చిన్నమ్మ ఎందుకు అక్కడ కూసున్నదో అర్థమైతది. ఆమె కాక భార్య.

మా ఇంటాయన ఆటోల నన్ను ఎక్కించుకొని పోయేసరికి, టాకీసు ముందటి వరండా ఒక్కటే నిలబడి ఉన్నది. చిన్నమ్మ ఆ బోర్డుకు ఆనుకొని, కాళ్లు చాపి కూసున్నది. మేస్త్రి నెత్తి పట్టుకున్నడు.

"ఏందమ్మా, నువ్వన్న చెప్పు ముసలమ్మకు. ఎట్ల జేయాలె మేం? నాలుగైదు గంటల్ల ఈ వరండా తియ్యాలె."

"తీసుకో కొడుకా, ఎవరు వద్దన్నరు?" అన్నది చిన్నమ్మ. "మా ముసలోన్ని నాకిచ్చి నీ వరండా నువ్వు తీసుకో."

మేస్త్రి భయంగ బోర్డు దిక్కు చూసిండు.

అప్పుడు ఆమె నాతోని చెప్పింది. టాకీసు పెట్టి ఇరవై ఐదేండ్లు నిండినప్పుడు యజమాని ఒక కాగితం అచ్చేయించిండట. దాంట్లె అందరి ఫోటోలు వేయించిండట: యజమాని, ఆపరేటర్, గేటు కాడ నిలబడేటాయన, కింది వరుసలో కాక. ఆ కాగితాన్ని కాకనే తన చేతితోని ఈ బోర్డుకు అతికిండు. వారం దినాలు ఉన్నది. శుక్రవారం రాంగనే దాని మీద కొత్త సినిమా అతికిండు.

"ఒక్కటి ఇంటికి తేరాదా అంటే వినలే. అచ్చయినవన్నీ అతకాలెనట. తన మొకం మీద తనే గంజి పూసుకొని పోయిండు."

కాకకు వేరే ఫోటో లేదు. పెండ్లిల ఫోటో దిగలేదు. ఓటు కార్డు కోసం ఫోటోలు తీయడానికి వచ్చిన రోజు శుక్రవారమట, బోర్డు కాడికి పోయిండు. ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటింది. ప్రతి ఏడు పెత్రమాస నాడు, చనిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే ఆ అమావాస్య నాడు, అందరిండ్లల్ల ఫోటోకు దండ వేసి దండం పెడతరు. చిన్నమ్మ ఆయన గంజి బకెట్‌కు దండ వేసి పెడతది.

"బకెట్‌కు పెడుతున్న బిడ్డా ఇన్నేండ్లు. మొకం మరుస్తున్న. మొన్న కండ్లు మూసుకొని చూద్దమంటే మా మరిది మొకం వచ్చింది. మరిది బతికే ఉన్నడు!"

నేను నవ్విన, ఆమె గూడ నవ్వింది. మా ఇద్దరి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పెత్రమాస ఇంక ఆరు రోజులున్నది.

కాక పోయినంక ఆ బోర్డును ఎవరూ ముట్టలేదు. కొత్తగ వచ్చినాయన బయట ఫ్లెక్సీలు కట్టిండు. గనుక పైనుంచి కింది దాక ఉన్నవన్నీ కాక చేతి కాగితాలే. మా ఇంటాయన, ఇద్దరు కూలోళ్లు కలిసి బోర్డును చెక్కలతో సహా ఊడదీసిండ్రు. నులక మంచం మీద పండబెట్టి, ట్రాలీ బండిల మా ఇంటికి తెచ్చినం. చిన్నమ్మ మంచం కోడు పట్టుకొని పక్కన కూసున్నది. దారిల ఒకాయన ఆగి, చెప్పులు విడిచి దండం పెట్టిండు. ఆయన ఏమనుకున్నడో మాకు సమజైంది గాని ఎవరం నోరు తెరవలే.

తెల్లారి స్నానం చేసి, దీపం పెట్టి, పని మొదలుపెట్టిన. అతికిన కాగితాలను విడదీయడానికి నాకు తెలిసిన తొవ్వ ఒక్కటే. వెడల్పు తొట్టిలో నీళ్లు పోసి, కట్టను కొంచెం కొంచెం నాననిస్తే మైదాగంజి కరుగుతది. అప్పుడు మూల దగ్గర వెదురు పుల్ల పెట్టి, ఊపిరి బిగబట్టి లేపాలె. తొందరపడితే చినుగుతది.

నా పెట్టెల్లో ఎన్నో కాగితాలు ఉన్నా, ఆ వారం చూసింది ఎన్నడూ చూడలేదు. కాలం ఎనుకకు నడిచింది. ఒక శుక్రవారం కింద ఇంకో శుక్రవారం. వెలుతురు సోకక రంగులు నిన్న అచ్చేసినట్టున్నయి. కత్తి పట్టిన వీరుని కింద పసుపుకుంకుమలతో ఒక పెద్దముత్తైదువ, ఆమె కింద పాముల బుట్ట, దాని కింద నవ్వుతున్న హాస్యగాడు. ఒక్కొక్కటి నీళ్లల్ల నుంచి పైకి లేస్తుంటే, ఏదో పెద్ద ప్రాణి కండ్లు తెరుస్తున్నట్టు అనిపించింది. చెద ఒక్క రంధ్రం గూడ పెట్టలేదు. ఆ నీలి విషమే కాపాడింది. పెరట్ల తాళ్ల మీద ఆరేస్తే, పక్కింటోళ్లు గోడ మీదికెల్లి చూసి "ఈ సినిమా మేం చూసినం, ఇది పెండ్లయిన ఏడు" అని ఒకటే ముచ్చట.

రెండో రోజు ఒక సంగతి కనబడ్డది. దేవుని సినిమా పోస్టర్ ఒకటి లేపిన. వెనుక అంతట గంజి ఎండి నీలంగ మచ్చలున్నయి. దేవుని ముఖం ఉన్న జాగా మాత్రం ఇత్తడి తాంబాళమంత గుండ్రంగ, తెల్లగ, పొడిగ ఉన్నది. బ్రష్ అక్కడిదాక వచ్చి పక్కకు తిరిగిన గీత గూడ కనబడుతున్నది.

చిన్నమ్మకు చూపించిన. ఆమెకు అది కొత్త కాదు.

"దేవుని మొకానికి విషం పూస్తనా అనేటోడు. నేను కొట్లాడిన. అరె, అది దేవుడు గాదు, వేషం కట్టిన మనిషి, మొన్ననే తాగుబోతు వేషం ఏసిండు గదా అంటే ఏమన్నడో తెల్సా? గప్పుడు దట్టంగ పూసిన, గిప్పుడు నెత్తి మీద కిరీటం ఉన్నది అన్నడు."

 ఎన్నేండ్లు ఆ పని చేసిండో, ఎవరికీ కనబడని దిక్కు, గోడకు ఆనే దిక్కు చేసిన పని అది. నేను రోజూ అందరికి కనబడేటట్టు దీపం పెడత. ఆయన కాగితం వెనుక పెట్టిండు.

మూడో రోజు, నాలుగో రోజు గడిచినయి. చిన్నమ్మ పొద్దున్నే వచ్చి పీట మీద కూసునేది. ప్రతి కాగితం లేచినప్పుడు ముందుకు వంగేది, చూసి మళ్ల వెనుకకు ఒరిగేది. కాక కాగితం రాలేదు. నాలుగు కాగితాలు నా చేతుల చినిగినయి గూడ. వాటిల్లో ఏదన్న అదేమోనని ముక్కలన్నీ చాప మీద పేర్చి చూసినం. కాదు.

పెత్రమాస రేపనంగ, చెక్కకు అంటుకొని ఒక గట్టి కట్ట మిగిలింది. దాని మీద పోస్టర్‌లో వేంకటేశ్వరస్వామి, నిండు నామంతోని. మా ఇంటాయన వచ్చి చూసిండు.

"ఇంకేం ఆలోచిస్తున్నవ్? కట్ట మొత్తం తొట్లె ముంచు. గంటల ఊడివస్తది. రేపే గదా ఆమెకు కావాల్సింది."

నిజమే. గాని అంతకుముందు వచ్చిన దేవుళ్లను గూడ నేను నీళ్లల్ల ముంచలేదు. తడిబట్టతోని అంచులే తడిపి లేపిన. ఇది అట్ల లేవడం లేదు. ముంచుదామంటే చెయ్యి ఆడలే.

"దేవుడు తడిస్తే ఏమైతది బిడ్డా?" అన్నది చిన్నమ్మ, ఆత్రం పట్టలేక. "వినాయకుని చెర్వుల ఎయ్యమా? మొన్ననే ఏసి వచ్చిరి గదా అందరు!"

"పూజ చేసి, సాగనంపి వేస్తం చిన్నమ్మా. ఇట్ల నడిమిట్ల ముంచుతమా?"

"అబ్బ, నువ్వు గూడ ఆయన లెక్కనే ఉన్నవ్" అని విసుక్కొని, కొంగుతో ముఖం తుడుచుకొని ఊరుకున్నది.

ఇడ్లీ గిన్నెల నీళ్లు మరిగించిన. మూత కొంచెం పక్కకు జరిపి, ఆ ఆవిరి తగిలేటట్టు కట్టను ఇద్దరం పట్టుకున్నం. ఒక మూల, మళ్ల ఇంకో మూల. మధ్యాహ్నం పోయి పొద్దు వాలింది. పొయ్యి సెగకు నా ముఖం మండింది. మనసుల స్వామిని తలుచుకుంట, వెదురు పుల్ల జరుపుకుంట పోయిన. అంచులు నాలుగూ వదిలినంక స్వామి పోస్టర్ ఎవరో కింది నుంచి అందించినట్టు పైకి లేచింది.

దాని కింద పసుపుపచ్చ కాగితం, నీలి సిరాతోని అచ్చు. యజమాని ముఖం గంజితోని పాటు పై కాగితానికి అంటుకొని పోయింది, మెడ కింద కోటు మాత్రం మిగిలింది. ఆపరేటర్‌కు ఒక చెవి, సగం మీసం ఉన్నయి. గేటు కాడి ఆయన అసలే లేడు. కింది వరుసల, స్వామి ముఖం ఆనిన ఆ పొడి జాగా కింద, గంజి చుక్క తగలకుండా, కాక ఉన్నడు. పూర్తిగ ఉన్నడు. నూనె పెట్టి దువ్విన జుట్టు, కొంచెం పక్కకు చూసే కండ్లు, మెడ దగ్గర విప్పి ఉన్న బొత్తం.

నేను కట్టను చిన్నమ్మ దిక్కు తిప్పిన.

ఆ తర్వాతి శుక్రవారం ఏ సినిమా రావాలో కాక చేతుల లేదు. సినిమా రీళ్ల డబ్బా పట్నం నుంచి వచ్చేది. స్వామి సినిమా వచ్చింది. ఎప్పటిలెక్కనే ఆయన స్వామి ముఖాన్ని వదిలి చుట్టూ గంజి పూసిండు. తన బొమ్మ ఎక్కడున్నదో చూసుకొని పెట్టిండంటే నేను నమ్మను. తనను తాను చూసుకునే మనిషే అయితే ఒక కాగితం ఇంటికి తెచ్చుకునేటోడు.

 చిన్నమ్మ ముందుకు వంగి, బొమ్మతోని అన్నది.

"బొత్తం పెట్టుకోమని చెప్పిననా లేదా? ఫోటోకు పోతున్నవ్, బొత్తం పెట్టుకో అని గడప దాక వచ్చి చెప్పిన. విన్నవా?"

నవ్వుకుంట అన్నది. కొంచెంసేపయినంక భుజాలు కదిలినయి. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూసున్న. తడిగున్న నా వేలు ఆ కాగితం అంచుకు తాకిందేమో, తర్వాత చూసుకుంటే వేలికి నీలి సిరా అంటింది. తొట్టిలో ముంచి ఉంటే ఉత్త పసుపుపచ్చ కాగితం మాత్రమే మిగిలేది. అప్పుడు లేచి దేవుని ముందటికి పోయిన. ఏమి అడగాల్నో తెలియలేదు. అడిగేది ఏమీ మిగలలేదు. ఊరికే నిలబడ్డ.

ఇంకొక్క మాట గూడ ఒప్పుకుంటున్న. అది నా దగ్గర ఉంచుకొని ఆమెకు నకలు తీసి ఇద్దామన్న ఆలోచన నాకు వచ్చింది. ఊరి టాకీసు అచ్చేసిన కాగితం, ఇంకెక్కడా లేదు. ముప్పై ఏండ్ల నుంచి దాస్తున్నదాన్ని, అటువంటిది ఎన్నడూ దొరకలేదు. కాక మాట గుర్తుకొచ్చింది. ఇది అతికేది కాదు, పంచేది కాదు, ఇంటికి పోవాల్సింది. బడంగ్‌పేట్‌లో ఫోటోలకు అద్దాలు కట్టే దుకాణానికి తెల్లారంగనే మా ఇంటాయన పట్టుకపోయిండు. ముఖం మటుకు కత్తిరించి కడతానన్నడట దుకాణపాయన. చిన్నమ్మ చెప్పి పంపిన మాట మా ఇంటాయన అట్లనే చెప్పిండు: "యజమాని కోటు, ఆపరేటర్ చెవి, అన్నీ ఉండాలె. ఆయనతోని పని చేసినోళ్లు."

ఆ పెత్రమాస నాడు చిన్నమ్మ ఇంట్ల గోడకు అద్దం కట్టిన ఆ కాగితం వేలాడింది. అందరం దండం పెట్టినం. పక్కనే పీట మీద గంజి బకెట్ గూడ ఉన్నది, దానికీ చిన్న దండ ఉన్నది. ఇన్నేండ్లు మొక్కినదాన్ని ఇప్పుడు పక్కన పడేస్తే బాగుండదన్నది.

స్వామి పోస్టర్ నా దగ్గర ఉన్నది. పెట్టెల పెట్టలేదు, దేవుని అర్రల పెట్టిన. దండం పెట్టుకున్నంక అప్పుడప్పుడు మెల్లగ తిప్పి వెనుక దిక్కు చూస్త, ఆ తెల్లటి గుండ్రని జాగాను.

ఇది చదివినోళ్లను ఒక్కటే అడుగుతున్న. పెత్రమాస నాడు మీ పెద్దలందరినీ తలుచుకున్నంక, ఇబ్రహీంపట్నం టాకీసులో పోస్టర్లు అతికిన ఒక కాకను గూడ తలుచుకోండ్రి. నాకు మొదటి కాగితం చేతికిచ్చింది ఆయన. పేరు తెలియకపోయినా పరవాలేదు. మెడ బొత్తం విప్పి ఉంటది, చేతికి మైదాగంజి అంటి ఉంటది. ఆనవాలు అంతే.